ఉన్నది కాస్తా పోతుందన్న భయం

చెన్నైలో మా వీధి చివర ఒక నెల్లూరు మెస్సు ఉంది. 2020 లాక్‌డౌన్ తర్వాత మళ్లీ తెరిచిన వారంలో యజమాని నాకు బాకీల పుస్తకం చూపించారు. దుకాణం అద్దె, గ్యాస్, ఊళ్లో పొలం మీద తెచ్చిన అప్పు, అన్నీ ఎర్ర సిరాతో రాసి ఉన్నాయి. "ఈ దేశానికి కొరడా పట్టుకున్నవాడు కావాలండీ. ఓట్లు, కోర్టులు తర్వాత చూసుకోవచ్చు" అన్నారు. ఆకలితో వచ్చినవారికి డబ్బు అడగకుండా అన్నం పెట్టే మనిషి ఆయన. వెనక పళ్లేలు కడుగుతున్న కుర్రవాడికి మూడు నెలలుగా జీతం లేదు. అతను కొరడా మాట ఎత్తలేదు, జీతం ఎప్పుడిస్తారని మాత్రం అడిగాడు.

ఇలాంటి కోరిక ఎక్కడికి దారితీస్తుందో ఒకప్పటి జర్మనీ చూపింది. 1928లో అక్కడ హిట్లర్ నాజీ పార్టీకి వచ్చినవి 2.6 శాతం ఓట్లే. 1932 జులైకి అవి 37 శాతం దాటాయి. ఈ మధ్యలో మహా ఆర్థిక మాంద్యం వచ్చింది, బ్యాంకులు మూతపడ్డాయి, నిరుద్యోగులు సుమారు 60 లక్షలకు చేరారు. పని పోయినవారే హిట్లర్‌ను పైకి తెచ్చారని మనం సులువుగా అనుకుంటాం. ప్రాంతాలవారీగా ఓట్లను పరిశీలించిన పరిశోధకులకు కనిపించింది వేరు. నిరుద్యోగులు ఎక్కువగా కమ్యూనిస్టుల వైపు వెళ్లారు. నాజీల వైపు బాగా మొగ్గింది చిన్న దుకాణదారులు, చేతివృత్తులవారు, సన్నకారు రైతులు. వారి చేతిలో ఇంకా కొంత మిగిలే ఉంది, అదీ జారిపోతోంది.

మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. ఖాయంగా 3000 తీసుకుంటారా, 4000 వచ్చే అవకాశం 80 శాతం ఉన్న పందెం కాస్తారా అని అడిగితే నూటికి 80 మంది ఖాయమైనదే చాలన్నారు. అవే అంకెలను నష్టాలుగా మార్చి, ఖాయంగా 3000 పోగొట్టుకుంటారా, 4000 పోయే అవకాశం 80 శాతం ఉన్న పందెం కాస్తారా అని అడిగితే 92 మంది పందేనికి సిద్ధపడ్డారు. లాభం దగ్గర ఆచితూచి అడుగేసే మనిషే నష్టం దగ్గర తెగిస్తాడు. అతివాదులకు వేసే ఓటు కూడా అలాంటి పందెమేనని నా అభిప్రాయం. అయితే దీన్ని సాకుగా చెప్పడానికి వీల్లేదు. యూదుల మీద ద్వేషాన్ని నాజీలు దాచలేదు. ఓటు వేసినవారిలో ఎందరో దాన్ని చూసీ చూడనట్టు వదిలేశారు.

1930లో జర్మనీ ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) అయిన హైన్రిష్ బ్రూనింగ్ ఆ కష్టకాలంలోనే జీతాలు, నిరుద్యోగ భృతి తగ్గించి పన్నులు పెంచారు. ఆ కోతల దెబ్బ గట్టిగా తగిలిన చోట నాజీ ఓటు మరింత పెరిగిందని తర్వాతి పరిశోధన తేల్చింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం కాథలిక్ ప్రాంతాల సంగతి. మాంద్యం వారినీ వదల్లేదు, అయినా అక్కడ నాజీ ఓటు చాలా తక్కువ. వారికి చర్చి, సొంత సంఘాలు, తమదనుకునే సెంటర్ పార్టీ ఉన్నాయి. కష్టం చెప్పుకోవడానికి ఒక గుమ్మం ఉంది.

మా మెస్సు యజమాని గడప తొక్కిన బ్యాంకు మేనేజరు లేడు, వ్యాపారుల సంఘం లేదు. నెల భోజనం టోకెన్లు ముందే కొన్న హాస్టల్ కుర్రవాళ్లు కొందరున్నారు. బాకీల పుస్తకం చివరి పేజీలో వారి పేర్లు నీలం సిరాతో ఉన్నాయి.