జిరాఫీ బీపీకి పదమూడో ఎక్కం

మణికట్టుకు కట్టే బీపీ మిషన్‌తో మొన్న మా అమ్మకి చూస్తే పై అంకె 146 వచ్చింది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కింటావిడ దిష్టి తగిలిందంటూ ఉప్పూ మిరపకాయలూ తెచ్చేసింది. ఈలోగా చెయ్యి ఎత్తించి, మణికట్టు గుండెకు సమానంగా ఉండేట్టు దిండ్లు సర్ది మళ్లీ చూశాను. 131!

దిష్టి కాదు, ఎత్తు. పాదరసం రక్తం కంటే దాదాపు 13 రెట్లు బరువు. బీపీని పాదరసం మిల్లీమీటర్లలోనే చెబుతాం. కాబట్టి గుండె నుంచి 13 మి.మీ. కిందికి దిగితే ఒక అంకె పెరుగుతుంది, పైకెక్కితే ఒకటి తగ్గుతుంది. ఒడికీ గుండెకీ 20 సెం.మీ. తేడా అంటే 15 అంకెలు. బళ్లో ఏడిపించిన పదమూడో ఎక్కం ఇలా పనికొస్తుందని ఏ మాస్టారూ చెప్పలేదు.

స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు మతాచార్యుడు గుర్రం రక్తనాళానికి నిలువు గాజుగొట్టం తగిలించి చూశాడు. 1733లో అచ్చేశాడు. రక్తం రెండున్నర మీటర్లు ఎగబాకింది. 13తో భాగిస్తే 190 పైమాటే. కట్టి పడేసిన గుర్రానికి ఆ మాత్రం టెన్షన్ ఉండదా?

ఇక జిరాఫీ. గుండె నుంచి మెదడుకి మీటరున్నర అనుకుందాం: 115 అంకెలు దారిలోనే ఖర్చు. గుండె దగ్గర సగటు బీపీ 200 దాకా ఉంటుంది కాబట్టి తలకి 85 మిగులుతుంది. మన సగటు 90 పైచిలుకు, ఇంచుమించు అదే. అలాగని గుండె పెద్దదేం కాదు, ఒంటి బరువులో అర శాతమే. కిటుకు ఎడమ జఠరికలో, అంటే ఒంటికి రక్తాన్ని తోసే గుండె గదిలో ఉంది. గోడ మీద పడే లాగుడు పీడనంతోనూ గది వ్యాసార్ధంతోనూ పెరుగుతుంది, మందంతో తగ్గుతుంది. అందుకే గోడ మందం, గది ఇరుకు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ బయటికి వెళ్లే రక్తం తక్కువే.

పాదాల దగ్గర లెక్క తిరగబడుతుంది. రెండు మీటర్లు కిందికి, 200కి ఇంకో 154 కలపాలి. అయినా కాళ్లు వాయవు, బిగుతైన చర్మం పట్టీ కట్టినట్టు అదిమి ఉంచుతుంది.

తల గుండెకు 8 మీటర్ల పైన ఎత్తి నిలబడ్డ డైనోసార్‌కైతే ఎత్తుకే 615 పోతాయి. అవి మెడ నిలువుగా ఎత్తేవి కావని, అడ్డంగా చాచి మేసేవని కొందరు శాస్త్రవేత్తలు అనేది ఈ లెక్కతోనే.