కేయాస్ సిద్ధాంతం: తిరుపతి తరగతి గదిలో ఎదురయ్యే అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో భౌతికశాస్త్ర విద్యార్థులకు అరేఖీయ గతిశాస్త్రం బోధించడం నా వృత్తి. ఏటా కొత్తగా చేరే విద్యార్థులు, వారిని చూడవచ్చిన తల్లిదండ్రులు కూడా, కేయాస్ సిద్ధాంతం గురించి దాదాపు అవే అభిప్రాయాలను నా ముందు ఉంచుతారు. నియమబద్ధమైన వ్యవస్థలోనే తొలి స్థితిలోని రవ్వంత తేడా వేగంగా పెరిగి భవిష్యత్తు అంచనాను ఎలా దెబ్బతీస్తుందో చెప్పేది ఈ సిద్ధాంతం. పంటలు, చెరువులు, కొండదారులు అన్నీ ఈశాన్య రుతుపవనం మీద ఆధారపడిన ఈ ప్రాంతంలో ఆ అభిప్రాయాలు సరిగా ఉండడం అవసరమని నమ్ముతున్నాను కనుక వాటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: కేయాస్ అంటే గందరగోళం. అక్కడ ఏ నియమమూ పనిచేయదు.

వాస్తవం: ఈ అపోహకు పేరే మూలం. 1975లో లి, యార్క్ అనే ఇద్దరు గణితవేత్తలు తమ పరిశోధన పత్రంలో వాడిన ఈ పదం స్థిరపడిపోయింది. తెలుగులో దాన్ని గందరగోళమనీ అవ్యవస్థ అనీ అనువదించుకొనేసరికి అసలు అర్థం మరింత మరుగునపడింది. శాస్త్రంలో ఈ పదం వర్తించేది పూర్తిగా నియమబద్ధమైన వ్యవస్థలకే. ఈ క్షణపు స్థితి తెలిస్తే మరుక్షణపు స్థితిని సమీకరణం ఒకే ఒక్క విధంగా నిర్ణయిస్తుంది.

తరగతిలో దీన్ని మాటలతో చెప్పే ముందు ఒక లెక్క చేయిస్తాను. 0 నుంచి 1 లోపు ఒక సంఖ్యను తీసుకొని, 1 లోంచి ఆ సంఖ్యను తీసివేయగా మిగిలిన దానితో దాన్ని గుణించి, వచ్చిన లబ్ధాన్ని 4తో హెచ్చవేయాలి. జవాబు మీద మళ్లీ అదే పని చేయాలి. 0.2తో మొదలుపెడితే వరుసగా 0.64, 0.9216, 0.28901376 వస్తాయి. సగం మందిని క్యాలిక్యులేటర్ చూపిన అంకెలన్నీ ఉంచమంటాను, మిగిలిన సగాన్ని ప్రతి మెట్టులోనూ నాలుగు దశాంశ స్థానాలకు సవరించమంటాను. పది మెట్ల వరకు రెండు జట్ల జవాబులూ కలిసే నడుస్తాయి. పన్నెండో మెట్టులో సవరించిన జట్టుకు సరిగ్గా 1.0000 వస్తుంది, పదమూడో మెట్టులో సున్నా వస్తుంది, ఆ తరువాత ఎన్నిసార్లు గుణించినా సున్నాయే. అంకెలన్నీ ఉంచిన జట్టుకు పన్నెండో మెట్టులో 0.99994 వచ్చి, పంతొమ్మిదో మెట్టుకల్లా సంఖ్య 0.71 దాకా లేస్తుంది. సూత్రం ఒక్కటే, మొదలు ఒక్కటే, ఎవరూ తప్పు చేయలేదు. ఆ క్షణంలో తరగతి గదిలో కలిగే నిశ్శబ్దం నాకు ఎన్నేళ్లయినా పాతబడదు.

అపోహ: కంప్యూటర్లు, పరికరాలు ఇంకా మెరుగుపడితే ఈ ఇబ్బంది తొలగిపోతుంది.

వాస్తవం: పై లెక్కలో పొరపాటు, అంటే అంకెలను సవరించడం వల్ల వచ్చిన చిన్న తేడా, సగటున ఒక్కో మెట్టుకు రెట్టింపవుతుంది. పది మెట్లలో వెయ్యి రెట్లకు పైగా పెరుగుతుంది. అంటే తొలి కొలతను వెయ్యి రెట్లు కచ్చితంగా చేయగలిగినా మనకు అదనంగా దక్కేది పది మెట్ల భవిష్యత్తే. పొరపాటు ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే ఈ కొలమానాన్ని రష్యన్ గణితవేత్త పేరిట లియాపునోవ్ ఘాతాంకం అంటారు, ఏ వ్యవస్థ విషయంలోనైనా నేను మొదట అడిగేది అదే.

అపోహ: బ్రెజిల్‌లో సీతాకోకచిలుక రెక్క ఆడిస్తే టెక్సాస్‌లో సుడిగాలి పుడుతుంది.

వాస్తవం: ఈ మాటకు మూలమైన వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ దాన్ని ప్రశ్నగా మాత్రమే అడిగారు. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఆయన ఒక చిన్న వాతావరణ నమూనాను, అంటే వాతావరణాన్ని అనుకరించే సమీకరణాలను, కంప్యూటర్ మీద నడుపుతూ, పాత ఫలితాన్ని మరోసారి చూడదలచి, 0.506127 అనే విలువకు బదులు అచ్చులో కనిపించిన 0.506ను ఎక్కించారు. కొంతకాలం పాత దారినే నడిచిన లెక్క క్రమంగా దూరమై, చివరికి పూర్తిగా వేరే వాతావరణాన్ని చూపింది. యంత్రం చెడిందేమోనని మొదట అనుమానించిన ఆయన, కారణం ఆ మూడు అంకెల సవరణే అని గ్రహించి, 1963లో ప్రచురించిన పత్రంలో మూడే మూడు సమీకరణాలతో దాన్ని నిరూపించి చూపారు. సీతాకోకచిలుక ప్రశ్న 1972 నాటి ప్రసంగానికి శీర్షిక, అది కూడా సమావేశ నిర్వాహకుల్లో ఒకరైన ఫిలిప్ మెరిలీస్ పెట్టినది. ఒక రెక్క విసురు సుడిగాలిని పుట్టించగలిగితే, అలాంటిదే మరొకటి దాన్ని నివారించనూగలదని లోరెంజ్ ఆ ప్రసంగంలోనే హెచ్చరించారు. సుడిగాలికి కావలసిన శక్తి వేడెక్కిన తేమగాలి నుంచి వస్తుంది. రెక్క విసురు చేసేదల్లా మన అంచనాను దారి తప్పించడం.

అపోహ: వాతావరణం కేయాస్ అయినప్పుడు వాన కబుర్లు నమ్మడం దండగ. రేపటి సంగతే తెలియనివారు యాభై ఏళ్ల తరువాతి వేడి గురించి ఏం చెబుతారు?

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధించే అపోహ ఇదే, ఎందుకంటే దీనివల్ల మనుషులు హెచ్చరికలను పెడచెవిన పెడతారు. 2021 నవంబరులో తిరుపతి వీధులు వాగులైన రోజులను ఈ ఊళ్లో ఎవరూ మరచిపోలేదు. ఘాట్ రోడ్లలో కొండచరియలు విరిగిపడ్డాయి, ఆ తరువాత రాయలచెరువు కట్టకు గండిపడుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు. ఆ వానకు కారణమైన వాయుగుండం 19వ తేదీన చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది. వందల కిలోమీటర్ల వెడల్పున్న అలాంటి వ్యవస్థ నడకను కొన్ని రోజుల ముందుగా అంచనా వేయవచ్చు. దానిలోని ఒక ఉరుముల మేఘం శేషాచలం కొండల్లో ఏ వాలు మీద, ఏ గంటలో కురుస్తుందో చెప్పడానికి మాత్రం కొన్ని గంటల గడువే ఉంటుంది, ఎందుకంటే చిన్న పరిమాణంలోని గాలి కదలికల్లో పొరపాటు చాలా త్వరగా రెట్టింపవుతుంది. దేశాల మేర విస్తరించిన గాలుల తీరుకు ఆ గడువు సుమారు రెండు వారాలు.

ఈ గడువును గౌరవిస్తూ పనిచేసే పద్ధతి కేయాస్ సిద్ధాంతం నుంచే వచ్చింది. తొలి స్థితిని కొద్దికొద్దిగా మార్చి ఒకే నమూనాను అనేకసార్లు నడిపి, ఆ జవాబులు ఎంత దగ్గరగా ఉన్నాయో చూస్తారు. యూరప్, అమెరికా కేంద్రాలు 1992లో దీన్ని రోజువారీ అంచనాల్లోకి తెచ్చాయి. మన దేశంలో 2018లో 21 నడకల సముదాయాన్ని 12 కిలోమీటర్ల సూక్ష్మతతో, అంటే వాతావరణాన్ని అంత వెడల్పు గడులుగా విడదీసి, నడపడం మొదలుపెట్టారు. అన్ని నడకలూ ఒకే తీరాన్ని చూపితే గట్టిగా చెబుతారు, చెల్లాచెదురైతే సంభావ్యతగా చెబుతారు. వానకు డెబ్బై శాతం అవకాశముందని విన్నప్పుడు అది తప్పించుకొనే మాట కాదనీ, ఆ రోజు వాతావరణం ఎంత అస్థిరంగా ఉందో లెక్కకట్టిన ఫలితమనీ గుర్తించాలి. మన దగ్గరి గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్ తరంగాలతో పైగాలుల వేగాన్ని కొలుస్తోంది. లెక్కలు ఎంత గొప్పవైనా నమూనాకు ఇటువంటి తొలి కొలతలే ఆధారం.

ఇక యాభై ఏళ్ల మాట. లోరెంజ్ సమీకరణాల పరిష్కారాన్ని గీస్తే రెండు రెక్కల ఆకారం వస్తుంది. బిందువు ఎప్పుడు ఏ రెక్క మీద ఉంటుందో ఎక్కువ కాలం ముందుగా చెప్పలేము, కానీ అది ఆ ఆకారాన్ని వదిలి పోదని, ఏ భాగంలో సగటున ఎంతసేపు గడుపుతుందో చెప్పగలం. వాతావరణం ఆ బిందువైతే శీతోష్ణస్థితి ఆ ఆకారం. సూర్యరశ్మి, సముద్రపు వేడి, గాలిలోని బొగ్గుపులుసు వాయువు వంటివి మారితే ఆకారమే మారుతుంది, ఆ మార్పును లెక్కించడం రేపటి వానను లెక్కించడానికి భిన్నమైన పని. ఉష్ణమండలంలో రుతువు సగటును సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల వంటి నెమ్మదిగా మారే పరిస్థితులే చాలావరకు నిర్ణయిస్తాయని 1981లో వాతావరణ శాస్త్రవేత్తలు జూల్ చార్నీ, మన దేశానికి చెందిన జగదీశ్ శుక్లా వాదించారు. రుతుపవనాన్ని నెలల ముందుగా అంచనా వేసే ప్రయత్నాలకు అది ధైర్యమిచ్చింది.

అపోహ: ముందుగా చెప్పలేనిదంతా కేయాసే.

వాస్తవం: మదనపల్లె మార్కెట్‌లో టమాటా ధరను ఉదాహరణగా చాలామంది చెబుతారు. గతసారి ధర బాగుందని అందరూ నాటితే దిగుబడి పెరిగి ధర పడిపోతుంది, పడిపోయిందని మానుకుంటే మళ్లీ పెరుగుతుంది. ఇందులో మన గుణకారం లెక్కలోలాగా ఒకసారి ఫలితమే మరుసటిసారికి మొదలయ్యే ఆవృత్తి ఉన్న మాట నిజం. అయితే తెగులు, అకాల వర్షం, బయటి రాష్ట్రాల గిరాకీ వంటివి ప్రతిసారీ బయటి నుంచి దాన్ని కుదుపుతాయి. ఆ కుదుపులను, లోపలి నియమం నుంచే పుట్టే అస్థిరతను వేరుచేయాలంటే నియమం మారకుండా సేకరించిన సుదీర్ఘమైన, శుభ్రమైన గణాంకాలు కావాలి. అవి లేకుండా మార్కెట్లకు, మనుషుల జీవితాలకు ఈ పేరు తగిలించడం నేను ఒప్పుకోను.

అపోహ: గ్రహాల విషయంలో కేయాస్‌కు చోటు లేదు. గ్రహణాలు చెప్పిన నిమిషానికే వస్తాయి కదా.

వాస్తవం: గ్రహణం రోజున తిరుమల ఆలయం తలుపులు ఎన్ని గంటలకు మూస్తారో ఎంతో ముందుగా ప్రకటిస్తారు, ఆ లెక్క తప్పదు. అదే పంచాంగంలోని వర్షపు కొలతకు ఆ కచ్చితత్వం రాదు. రెండూ ప్రకృతి నియమాలకు లోబడినవే అయినా పొరపాటు పెరిగే వేగాల్లో తేడా అపారం. మూడు గోళాలు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటే వాటి దారి ఎంత చిక్కుపడుతుందో 19వ శతాబ్ది చివరలోనే ఫ్రెంచి గణితవేత్త పాంకారే చూపారు. 1989లో ఫ్రెంచి ఖగోళవేత్త జాక్ లాస్కర్ లోపలి గ్రహాల కక్ష్యలలో పొరపాటు సుమారు 50 లక్షల ఏళ్లకు 2.7 రెట్లు పెరుగుతుందని లెక్కకట్టారు. 2009లో ఆయనే మికాయెల్ గస్తినోతో కలిసి, తొలి స్థితిని రవ్వంత మార్చుతూ సౌరకుటుంబపు రాబోయే 500 కోట్ల ఏళ్లను 2,501 సార్లు కంప్యూటర్‌లో నడిపారు. వాన అంచనాకు వాడే పద్ధతినే అక్కడ గ్రహాలకు వాడారు. వాటిలో సుమారు ఒక శాతం నడకల్లో బుధుడి కక్ష్య బాగా కోలగా సాగిపోయింది, ఒకదానిలో కుజుడు భూమికి అత్యంత సమీపంగా వచ్చాడు. మిగిలిన తొంభైతొమ్మిది శాతంలో గ్రహాలు ఇప్పటి మాదిరిగానే తిరుగుతూ ఉన్నాయి.