కోపం ముందు వస్తుంది, కారణం తర్వాత

తార్నాక, హైదరాబాద్

ప్రియమైన పిల్లలకు,

దీవెనలు. "ఊరికే కోపం వస్తోంది అమ్మమ్మా, ఎందుకో తెలీదు" అని మీలో చాలామంది నాతో అంటుంటారు. మెట్ల మీద నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పే ప్రశ్న కాదది. కాలేజీలో పిల్లలకు మనస్తత్వశాస్త్రం చెప్పినదాన్ని కదా, తీరిగ్గా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు మీ అందరికీ తెలిసిన ఒక సాయంత్రం గుర్తు చేస్తాను. ఏడున్నర అయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్ ముగించుకుని, సీటు దొరక్క బస్సులో నిలబడే ఇంటికొచ్చారు. మధ్యాహ్నం బాక్సులో అన్నం సగం అలాగే ఉంది. స్లిప్ టెస్టులో మార్కులు తగ్గాయి, ఆ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదు. చెప్పులు విడుస్తుండగానే అమ్మ వంటింట్లోంచి "ఇంత లేటైందేం నాన్నా?" అంది. అంతే. బ్యాగు సోఫా మీదకు విసిరేసి, "వచ్చీ రాగానే మొదలుపెట్టావా!" అని అరిచి, గది తలుపు ధడేల్మని వేసుకున్నారు.

ఆ క్షణంలో ఎవరైనా ఎందుకురా కోపం అని అడిగితే, "అమ్మ నస పెడుతోంది" అంటారు. మీరు అబద్ధం చెప్పట్లేదు. మీకు నిజంగా అలాగే అనిపిస్తుంది. నేను ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి కారణం ఇదే. మనకు కలిగే కోపం, భయం, దిగులు నిజమైనవే. కానీ వాటికి మనసు చూపించే కారణం ప్రతిసారీ నిజం కాదు. చాలాసార్లు ఒళ్ళు ముందు కదిలిపోతుంది, మనసు ఆ తర్వాత కారణం వెతుక్కుంటుంది. వెతికేటప్పుడు దూరం పోదు. ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద పెట్టేస్తుంది. పాపం, ఇళ్ళలో ఎక్కువసార్లు ఎదురుగా ఉండేది అమ్మే.

ఒళ్ళు ముందు కదలడం ఏమిటో కాస్త వివరంగా చెబుతాను. మెదడు లోపల, రెండు పక్కలా, బాదం గింజ ఆకారంలో చిన్న భాగాలుంటాయి. వాటిని అమిగ్డలా అంటారు. ప్రమాదం లాంటిది కనిపిస్తే అది చాలా వేగంగా కబురు పంపుతుంది. మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమట పడుతుంది, నోరెండిపోతుంది. ఎదురు తిరగడానికో, పరుగెత్తి పారిపోవడానికో శరీరం సిద్ధమైపోతుంది. వచ్చింది కుక్కా, లెక్కల సార్ అడిగిన ప్రశ్నా అనే విచారణ తర్వాతి సంగతి. ఆ విచారణ చేసేది నుదుటి వెనక ఉన్న మెదడు భాగం. అది పూర్తిగా ఎదిగేది ఇరవై దాటాక, ఇరవై అయిదేళ్ళ ప్రాంతంలో. మీ వయసులో ఆవేశం తొందరగా రావడం, దాన్ని ఆపడం కష్టం కావడం మీ తప్పేమీ కాదు. అలాగని అరవడానికి మీకు లైసెన్స్ ఇస్తున్నానని మాత్రం అనుకోకండి.

పరీక్ష రోజు పొద్దున ఉప్మా ఎందుకు గొంతు దిగదో తెలుసా? దీని వెనక నాకు చాలా ఇష్టమైన కథ ఒకటుంది. ఎక్స్-రేలు కొత్తగా వచ్చిన రోజుల్లో, 1890ల చివర, హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ అనే వైద్య విద్యార్థి పిల్లులకు బిస్మత్ అనే, ఎక్స్-రేలో కనిపించే పదార్థం కలిపిన తిండి పెట్టి, కడుపులో అది ఎలా కదులుతుందో చూస్తున్నాడు. పిల్లి ప్రశాంతంగా ఉన్నంతసేపూ జీర్ణాశయం అలలు అలలుగా కదిలేది. పిల్లి బెదిరినా, చిరాకు పడినా ఆ కదలిక ఠక్కున ఆగిపోయేది. జీర్ణక్రియ కోసం కూర్చున్న మనిషి ఆ చిన్న ఆటంకాన్ని వదిలెయ్యలేదు. దాని వెంటే ఏళ్ళ తరబడి నడిచి, భయమూ కోపమూ ఒంట్లో తెచ్చే మార్పుల మీద 1915లో ఒక పుస్తకమే అచ్చు వేశాడు. ప్రమాదంలో ఉన్న శరీరానికి తిండి అరిగించుకోవడం కన్నా ముఖ్యమైన పనులుంటాయి. పరీక్ష హాలు ముందు మీ కడుపులో తిప్పినట్టుంటే పరేషాన్ అవ్వకండి. మీ ఒళ్ళు బాగానే పనిచేస్తోందని అర్థం.

ఇప్పుడు కారణం పొరపాటున ఇంకోచోట అతుక్కోవడం గురించి. 1974లో డటన్, ఆరన్ అనే ఇద్దరు పరిశోధకులు కెనడాలో వాంకూవర్ దగ్గర చేసిన ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. అక్కడ లోయ మీద కపిలానో అనే వేలాడే వంతెన ఉంది. పొడవు దాదాపు 137 మీటర్లు, కింద నది 70 మీటర్ల లోతున. మన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జిలాగా కార్లు పోయే గట్టి వంతెనని ఊహించుకోకండి. అది నడిచేవాళ్ళ కింద ఊగుతుంది. ఆ వంతెన మీద ఒక అమ్మాయి నిలబడి, వచ్చిపోయే యువకులను కొన్ని ప్రశ్నలు అడిగి, "వివరాలు కావాలంటే ఫోన్ చేయండి" అని నంబరిచ్చింది. కదలని మరో వంతెన మీదా ఇదే చేశారు. ఊగే వంతెన మీద నంబరు తీసుకున్నవాళ్ళలో సగం మంది ఫోన్ చేశారు. రెండో వంతెన మీద చేసినవాళ్ళు ఏ ఇద్దరో. గుండె కొట్టుకున్నది ఎత్తుకు భయపడి. మనసు మాత్రం ఆ అమ్మాయి నచ్చినందువల్ల అనుకుంది. ఈ ప్రయోగం చేసిన తీరు మీద తర్వాత చర్చ జరిగింది. అయినా ఒంట్లో పుట్టిన అలజడికి మనసు తప్పు పేరు పెట్టగలదన్న సంగతి నాకు ఇంత బాగా చూపించింది ఇంకొకటి లేదు.

మన కథలోని సాయంత్రం కూడా అలాంటిదే. ఆకలి, అలసట, మార్కుల గురించి గుబులు, మూడూ కలిసి ఒంట్లో ఉన్నాయి. అమ్మ ప్రశ్న ఆ సమయానికి వచ్చి పడింది.

వీటిలో అందరూ తేలిగ్గా తీసుకునేది నిద్ర. నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది. 2007లో అమెరికాలో కొందరిని ఒక రాత్రంతా, మొత్తం మీద 35 గంటలు, నిద్రపోనివ్వకుండా ఉంచి, మనసును కలచివేసే బొమ్మలు చూపిస్తూ మెదడు స్కాన్ తీశారు. బాగా నిద్రపోయినవాళ్ళతో పోలిస్తే వీళ్ళ అమిగ్డలా 60 శాతం ఎక్కువగా స్పందించింది. దాన్ని అదుపు చేసే ముందు మెదడుతో సంబంధం కూడా బలహీనపడింది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. మన ఊళ్ళో ఇంటర్ హాస్టళ్ళలో రాత్రి పదకొండు దాకా చదివించి, తెల్లారకముందే స్టడీ అవర్స్‌కు లేపేస్తారు. ఆ తర్వాత "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు" అని తిడతారు. ఓపిక ఉండాల్సిన చోటు నుంచి నిద్రను తీసేసింది పెద్దలే. మీ అమ్మానాన్నలకు ఈ పేరా చదివి వినిపించండి, నా పేరు చెప్పండి, ఫరవాలేదు.

మన కోపం సంగతి అలా ఉంటే, ఎదుటివాళ్ళ ప్రవర్తనకు కారణం చెప్పడంలో మనం ఇంకా తొందరపడతాం. పంజాగుట్ట దగ్గర ఎవరో బైకు అడ్డంగా దూర్చితే, "ఎంత పొగరు!" అంటాం. అదే పని నాన్న చేస్తే, "ఆఫీసుకు లేటైంది కదా" అంటాం. మనవాళ్ళ విషయంలో పరిస్థితి కనిపిస్తుంది, పరాయివాళ్ళ విషయంలో గుణం మాత్రమే కనిపిస్తుంది. 1967లో జోన్స్, హారిస్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించారు. క్యూబా నాయకుడు కాస్ట్రోను సమర్థిస్తూ రాసిన వ్యాసాలూ, విమర్శిస్తూ రాసినవీ విద్యార్థులకిచ్చి చదివించారు. "ఏ పక్షం రాయాలో రాసినవాళ్ళు ఎంచుకోలేదు, మేమే చెప్పి రాయించాం" అని ముందే చెప్పారు కూడా. అయినా చదివినవాళ్ళు, రాసినదే ఆ మనిషి సొంత అభిప్రాయమని నమ్మారు. చెప్పినా నమ్మారంటే, ఎవరూ చెప్పనప్పుడు మనం ఎంత నమ్ముతామో చూడండి. మీ స్నేహితురాలు పలకరించకుండా వెళ్ళిపోతే "దానికి టెక్కు" అనుకునే ముందు, రాత్రి వాళ్ళింట్లో ఏం జరిగిందో మనకు తెలియదని గుర్తు తెచ్చుకోండి.

ముఖం మీద మొటిమ వచ్చిందని స్కూలుకు వెళ్ళనని మొండికేసే వాళ్ళకు ఇది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు, వాళ్ళు వేసుకోవడానికి సిగ్గుపడే ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, కొందరు కూర్చున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది గమనించి ఉంటారని వాళ్ళు లెక్క వేసుకున్నారు. నిజానికి గమనించింది పావు వంతు. 2000 సంవత్సరంలో అచ్చయిన పరిశోధన ఇది. ఆ గదిలో మిగతావాళ్ళు కూడా ఎవరి చొక్కా గురించి వాళ్ళే ఆలోచించుకుంటూ ఉండి ఉంటారు.

కానీ వాట్సాప్ గ్రూపు నుంచి మిమ్మల్ని తీసేస్తే కలిగే బాధను నేను చిన్నబుచ్చను. 2003లో నవోమి ఐసెన్‌బర్గర్ బృందం కొందరి చేత కంప్యూటర్‌లో బంతి ఆట ఆడించింది. కాసేపయ్యాక మిగతా ఇద్దరు వీళ్ళకు బంతి వేయడం మానేశారు. అంతే, అంత చిన్న విషయం. అప్పుడు తీసిన స్కాన్‌లో, ఒంటికి దెబ్బ తగిలి విలవిల్లాడినప్పుడు పనిచేసే మెదడు భాగమే కదిలింది. అందుకే ఎవరినైనా ఆట నుంచి, గుంపు నుంచి తీసేసి "ఊరికే జోక్ చేశాం" అనకండి. తగిలే దెబ్బ అటువైపు నిజంగానే తగులుతుంది.

ఇక కోపం వచ్చాక ఏం చేయాలి? "గట్టిగా అరిచేస్తే తేలికవుతుంది" అని పెద్దవాళ్ళు కూడా అంటారు. నేను ఒప్పుకోను. బ్రాడ్ బుష్‌మన్ అనే పరిశోధకుడు 2002లో దీన్ని తేల్చాడు. విద్యార్థులు రాసిన వ్యాసాన్ని దారుణంగా విమర్శించి కోపం తెప్పించి, కొందరిని తిట్టిన మనిషిని తలుచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దమన్నారు. కొందరిని రెండు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు. గుద్దినవాళ్ళ కోపం తగ్గలేదు సరికదా, వాళ్ళే ఎక్కువ కోపంగా మిగిలారు. ఊరికే కూర్చున్నవాళ్ళే అందరికన్నా చల్లబడ్డారు. అలాగని లోపలే అణిచిపెట్టి నవ్వుతూ తిరగమనడం లేదు. ముఖంలో దాచుకున్నా ఒంట్లో అలజడి తగ్గదని కూడా ప్రయోగాల్లో తేలింది.

చేయదగిన పని ఒకటుంది. లోపల ఉన్నదానికి సరైన పేరు పెట్టడం. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం స్కాన్‌లో చూసింది. కోపంగానో, భయంగానో ఉన్న ముఖాలు చూపించి, ఆ భావం ఏమిటో మాటల్లో చెప్పించినప్పుడు అమిగ్డలా జోరు తగ్గింది. కాబట్టి తలుపు వేసుకున్నాక, "అమ్మ మీద కోపం" అని ఆగిపోకండి. ఇంకొంచెం తవ్వండి. ఆకలా? మార్కుల గురించి భయమా? ఆ విషయం దాస్తున్నానన్న బెరుకా? నాన్న ఏమంటారోనన్న గుబులా? ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసినా చాలు. ముందు ఏదైనా తినండి, ఇడ్లీయో, అరటిపండో. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, "అమ్మా, టెస్టులో మార్కులు తగ్గాయి, అందుకే చిరాగ్గా ఉన్నా" అనండి. అమ్మకు కూడా రోజంతా ఏదో ఒక టెన్షన్ ఉంటుంది. ఆమె అడిగిన ప్రశ్న వెనక కూడా, మీ బస్సు రాలేదేమోనన్న భయం ఉండి ఉంటుంది.

ఇదంతా రోజువారీ కోపతాపాల గురించి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోయినా, నిద్రా తిండీ పోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది రోజువారీ విషయం కాదు. అప్పుడు పెద్దవాళ్ళకు చెప్పాలి. చెప్పడానికి ఎవరూ లేరనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అది. డబ్బులక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొక మాట. "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అని మన ఊళ్ళో వెక్కిరింతగా అనడం నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. కాలు విరిగితే ఎముకల డాక్టరు దగ్గరకు పోయినట్టే జనం అక్కడికి పోయి నయం చేసుకుని వస్తారు. ఆ వెక్కిరింత విన్న పిల్లవాడు రేపు తనకు అవసరమైనా నోరు విప్పడు. మీ నోట ఆ మాట రానీయకండి. మీ దోస్తు ఎవరైనా మనసు బాగాలేదని చెబితే "లైట్ తీస్కో" అనకండి. పక్కన కూర్చుని, ఏమైందో చెప్పమని అడగండి. వాళ్ళు చెప్పేదాకా ఫోను పక్కన పెట్టండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ