గాల్లో నిలబడుడే ఎక్కువ ఖర్చు

మా అక్క కొడుకు హన్మకొండల బీటెక్ చదువుతున్నడు, మొన్న అడిగిండు: "మామా, మేడారం జాతరల లక్షల మంది ఒక్కసారే ఫోన్లు తీస్తే కాల్ కలవది గదా, డ్రోన్‌కు చిన్న టవర్ డబ్బా కట్టి పైన నిలబెడితే అయిపాయె, మళ్ల దానికి రూట్ ప్లానింగ్ ఎందుకు?"

మంచి ప్రశ్న, ఎందుకంటే ఆ నిలబడుడే బ్యాటరీని తింటది. సిగ్నల్ పంపే రేడియోకు కొన్ని వాట్లు చాలు, ఎగరనీకె వందల వాట్లు కావాలె.

రెక్కలు గాలిని కిందికి నెడితేనే డ్రోన్ పైన ఉంటది. ఒక్కకాడనే ఉంటే అప్పటికే కిందికి జారుతున్న గాలినే మళ్ల నెట్టాలె. కరిగట్టు చేసిన మడిల నిలబడి చూడుండ్రి, కాలు దిగబడుకుంటనే పోతది, అదే ఆగకుంట నడిస్తే ప్రతి అడుగుకు కొత్త మట్టి దొరుకుతది, లోతుకు దిగేలోపే కాలు లేస్తది. డ్రోన్ ముందుకు కదిలినా అంతే, రెక్కలకు కదలని కొత్త గాలి దొరుకుతది. గని మడిల ఉరికితే బురద అడ్డం పడ్డట్టు స్పీడ్ పెరిగితే గాలి అడ్డం పడుతది, దాన్ని చీల్చుకపోయే పవర్ వేగం ఘనంతోని పెరుగుతది, స్పీడ్ రెండింతలైతే ఎనిమిదింతలు! పరిశోధనల్ల బాగ వాడే ఒక మోడల్ ప్రకారం 2 కిలోల డ్రోన్ నిలబడితే 168 వాట్లు, సెకనుకు 10 మీటర్లతోని పోతే 126, 25 మీటర్లతోని పోతే మళ్ల 250 దాక. 100 వాట్-అవర్ బ్యాటరీ (అంటే 100 వాట్లు గంటసేపు ఇచ్చేది) నిలబడితే 36 నిమిషాలు వస్తది, 10 మీటర్లతోని పోతే దగ్గర దగ్గర 48 నిమిషాలు వస్తది. ఏ స్పీడ్‌కు ఎంత పవర్ అన్న ఈ గ్రాఫ్ ఒక్కటి క్లాసుల బోర్డు మీద గీస్తే పిల్లలు జన్మల మరువరు, మనకాడేమో ఫార్ములా బట్టీ పట్టిస్తరు, నాకు నిజంగ బాధైతది.

అందుకే జనం మీద గుండ్రంగ తిప్పుతరు. 100 మీటర్ల ఎత్తుల, సెకనుకు 10 మీటర్ల స్పీడ్‌తోని, 50 మీటర్ల వ్యాసార్థంతోని తిరిగితే నడిమధ్యల ఉన్నాయన ఫోన్‌కు దూరం 112 మీటర్లే, సరిగ్గ నెత్తి మీద నిలబడితే వచ్చే సిగ్నల్ల 80 శాతం ఉంటది, మలుపు కోసం రెక్కల మీద ఎక్కువ పడే భారం 2 శాతమే. వ్యాసార్థం 100 చేస్తే సిగ్నల్ సగం, 20 చేస్తే భారం 12 శాతం.

ఇగ 10 చోట్లకు పోవాలంటే ఏది ముందు ఏది వెనుక అన్నదానికే 36,28,800 వరుసలు, అన్నీ చూసుకుంట కూసోలేక కంప్యూటర్ అన్నిట్ల మంచిది కాకున్నా దానికి దగ్గర్లున్న వరుసతోనే సరిపెట్టుకుంటది.

దీనికి తోడు గాలి. పైన చెప్పిన స్పీడ్ గాలితోని పోల్చి, నేలతోని కాదు. సెకనుకు 5 మీటర్ల ఎదురుగాలిల 10తోని ఎగిరితే నేల మీద 5 మీటర్లే సాగుతది, ఇంటికొచ్చే టైం రెండింతలైతది. అందుకే బ్యాటరీ నిండుగున్నప్పుడే ఎదురుగాలి దిక్కుకు పోయి, వాపసు వచ్చేది గాలివాటుకు పెట్టుకోవాలె.