టొరెంట్ల గొంతు నొక్కిన రోజులు: పీరింగ్ ఖర్చు వెనక కథ

టొరెంట్ ట్రాఫిక్‌ని, అంటే జనం ఒకరి కంప్యూటర్ నుంచి ఒకరు నేరుగా ముక్కలుముక్కలుగా ఫైళ్లు తెచ్చుకునే డేటాని, నెట్ కంపెనీలు ఎందుకు అణిచేశాయి అని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు ఒకటే: ఆ డేటాని అటూ ఇటూ మోయడానికి మాకు బోలెడు ఖర్చవుతోంది. ఇందులో కొంత నిజం ఉంది. కానీ ఆ కొంత నిజాన్ని అడ్డం పెట్టుకుని వేరే లోపాలు చాలా కప్పిపుచ్చారు.

ముందు ఖర్చు సంగతి చూద్దాం. చాలామంది నెట్ ప్రొవైడర్లకు ప్రపంచమంతా సొంత లైన్లు ఉండవు కాబట్టి పెద్ద నెట్‌వర్క్ దగ్గర ట్రాన్సిట్, అంటే మిగతా ఇంటర్నెట్‌కి దారి, కొనుక్కుంటారు. బిల్లు సాధారణంగా ఎలా వేస్తారంటే, నెలంతా ప్రతి 5 నిమిషాలకోసారి ట్రాఫిక్ కొలిచి, అందులో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన 5 శాతం కొలతలు తీసేసి, మిగిలినవాటిలో పెద్దదానికి డబ్బు కట్టించుకుంటారు. అంటే ఖర్చు పెంచేది రద్దీ సమయం, మొత్తం జీబీలు కాదు. తెల్లవారుజామున 3 గంటలకు టొరెంట్ నడిపేవాడి వల్ల ఈ బిల్లు దాదాపు పెరగదు. ఇక పీరింగ్ అంటే రెండు నెట్‌వర్క్‌లు ఎక్స్చేంజ్ అనే ఉమ్మడి చోట నేరుగా కలిసి, ఒకరి కస్టమర్ల డేటా ఒకరు తీసుకోవడం. పెద్ద నెట్‌వర్క్‌ల మధ్య చాలావరకు ఇది ఉచితమే, ఇచ్చేదీ తీసుకునేదీ దాదాపు సమానంగా ఉన్నంతకాలం.

2001లో బ్రామ్ కోహెన్ బిట్‌టొరెంట్ తెచ్చేసరికి అమెరికా కేబుల్ నెట్‌వర్క్‌లు అందరూ డౌన్‌లోడే చేస్తారన్న లెక్కతో కట్టి ఉన్నాయి. అప్‌లోడ్‌కి ఇచ్చింది చాలా సన్నటి దారి, అదీ పేటంతా కలిసి వాడుకోవాలి. టొరెంట్ నడుస్తున్న కంప్యూటర్ మాత్రం రాత్రింబవళ్లు అప్‌లోడ్ చేస్తూనే ఉంటుంది. కాబట్టి కేబుల్ కంపెనీలకు అసలు ఇరుకు వచ్చింది ఇంటి పక్క లైన్లో, ఎక్కడో ఎక్స్చేంజ్‌లో కాదు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే ఇంత గందరగోళం.

2007లో రాబ్ టొపోల్‌స్కీ అనే నెట్‌వర్క్ ఇంజనీర్ కాపీరైట్ తీరిపోయిన పాతకాలం పాటలు షేర్ చేద్దామంటే అమెరికా కేబుల్ కంపెనీ కామ్‌కాస్ట్ లైన్ మీద అప్‌లోడ్ ముందుకు కదల్లేదు. ప్యాకెట్లు (డేటా ప్రయాణించే చిన్న ముక్కలు) తెరిచి చూస్తే కనెక్షన్ తెంపే రీసెట్ ప్యాకెట్లు వస్తున్నాయి, అవతలి కంప్యూటర్ పంపినట్టే కనిపిస్తున్నాయి, కానీ అది పంపలేదు. మధ్యలో ప్రొవైడరే శాండ్‌వైన్ అనే కంపెనీ ట్రాఫిక్ నియంత్రణ పరికరాలతో పుట్టించి రెండు వైపులకీ పంపుతోంది. ఆ అక్టోబర్‌లో అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లు కింగ్ జేమ్స్ బైబిల్ ఫైల్‌తో పరీక్షించారు. 3 సార్లలో 2 సార్లు బదిలీ ఆగిపోయింది, మూడోసారి 10 నిమిషాలు ఆలస్యమైంది. స్పీడ్ తగ్గించడం వేరు, వేరేవాళ్ల పేరుతో దొంగ ప్యాకెట్ పంపడం వేరు. రెండోదాన్ని నెట్‌వర్క్ నిర్వహణ అని పిలిస్తే నేనైతే ఒప్పుకోను. పైగా కంపెనీ ముందు అసలు అలాంటిదేమీ లేదన్నట్టు మాట్లాడి, తర్వాత ఆపడం లేదు, ఆలస్యం చేస్తున్నాం అంది.

ఫిర్యాదు అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి వెళ్లింది. 2008 ఫిబ్రవరిలో హార్వర్డ్‌లో విచారణ పెడితే సీట్లు పట్టుకుని కూర్చోడానికి కామ్‌కాస్ట్ డబ్బిచ్చి మనుషుల్ని పెట్టింది, ఆ సంగతి కంపెనీయే ఒప్పుకుంది. ఆగస్టులో ఎఫ్‌సీసీ 3-2 ఓట్లతో తప్పుపట్టింది కానీ జరిమానా వేయలేదు. 2010 ఏప్రిల్‌లో కోర్టు ఆ ఉత్తర్వే కొట్టేసింది, చేసింది సరైనదే అని కాదు, ఎఫ్‌సీసీకి ఆ అధికారం లేదని.

మధ్యలో జరిగినదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యం అదే. మామూలుగా టొరెంట్ తన తోటివాళ్లని ఎలా పడితే అలా ఎంచుకుంటుంది, పక్క వీధిలో ఉన్న ముక్కని సముద్రం అవతల నుంచి తెచ్చుకుంటుంది. యేల్ పరిశోధకులు పీ4పీ పేరుతో దగ్గరివాళ్లని ముందు ఎంచుకునే పద్ధతి చూపించారు. 2008లో కామ్‌కాస్టే దాన్ని తన నెట్‌వర్క్‌లో పరీక్షిస్తే డౌన్‌లోడ్ స్పీడ్ పెరిగింది, వేరే నెట్‌వర్క్‌లకు వెళ్లే ట్రాఫిక్ తగ్గింది! పీరింగ్ ఖర్చే నిజంగా బాధ అయితే మందు చేతిలోనే ఉంది. అదే ఏడాది చివరికి కామ్‌కాస్ట్ ప్రోటోకాల్ (అది టొరెంటా, ఇంకోటా అన్నది) చూడకుండా, రద్దీ ఉన్నప్పుడు ఎక్కువ వాడుతున్నవాళ్ల ప్రాధాన్యం కాసేపు తగ్గించే పద్ధతికి మారింది. టొరెంట్ మీద ప్రత్యేకంగా కక్ష కట్టకుండా కూడా నెట్‌వర్క్ నడుస్తుందని అలా తేలింది.

కెనడాలో ఇంకా ఘోరం. బెల్ కంపెనీ తన దగ్గర హోల్‌సేల్‌గా లైన్లు కొనుక్కున్న చిన్న ప్రొవైడర్ల కస్టమర్లని కూడా సాయంత్రం నాలుగున్నర నుంచి రాత్రి 2 దాకా నెమ్మది చేసింది. ఆ చిన్నవాళ్లు తమ ట్రాన్సిట్ బిల్లు తామే కట్టుకుంటున్నారు, మరి బెల్‌కి అక్కడ పీరింగ్ ఖర్చు ఏముంది? 2012 మార్చికి గానీ ఆ త్రాట్లింగ్ ఆగలేదు.

ఆ తర్వాత గొడవ టొరెంట్ నుంచి వీడియోకి మారింది. 2013 చివర్లో కామ్‌కాస్ట్ ఇళ్లలో నెట్‌ఫ్లిక్స్ నత్తనడక నడిచింది, ఎవరూ ప్యాకెట్లు ముట్టుకోలేదు, ఎక్స్చేంజ్‌లో పోర్టులు నిండిపోయినా పెంచకుండా వదిలేశారు అంతే. ట్రాఫిక్ సమానంగా లేదు కాబట్టి డబ్బు కట్టాలి అన్నారు. 2014 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ కట్టింది, స్పీడ్ తిరిగొచ్చింది. ఆ డేటా అడిగింది నెలనెలా బిల్లు కడుతున్న కస్టమరే అన్న మాట ఎవరూ పట్టించుకోలేదు.

మన దగ్గర దేశంలోపలి ట్రాఫిక్ విదేశాలు తిరిగి రాకూడదని 2003లో నిక్సీ అనే ఎక్స్చేంజ్ సంస్థ పెట్టారు, హైదరాబాద్‌లో కూడా దాని ఎక్స్చేంజ్ ఉంది. కానీ అక్కడ డేటా అడిగినవాడే డబ్బు కట్టాలన్న పద్ధతి పెట్టడంతో, డౌన్‌లోడ్లే ఎక్కువుండే చిన్న ప్రొవైడర్ల మీద భారం పడింది. 2018 జూలైలో కేంద్రం ఆమోదించిన నెట్ న్యూట్రాలిటీ నియమాలు ఫలానా కంటెంట్‌ని ఆపడం, నెమ్మది చేయడం కుదరదన్నాయి, సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణకు మినహాయింపు ఇచ్చాయి. ప్రొవైడర్ నెట్‌వర్క్ లోపలే కంటెంట్ అందించే సీడీఎన్‌లు మాత్రం ఈ నియమాల పరిధిలోకి రావని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 సిఫార్సుల్లోనే చెప్పేసింది.