దూరం ఎక్కువ, సమయం తక్కువ

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎంత దూరమని నెట్‌లో వెతికితే సుమారు 12,400 కిలోమీటర్లని వస్తుంది. గ్లోబు మీద ఆ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగితే వచ్చే దూరం అది. ఆ దారం సైబీరియా మీదుగా ఆర్కిటిక్ దాకా వెళ్లి, అలాస్కా వైపు నుంచి కిందికి దిగుతుంది. గోడ మీది మ్యాపులో గీసే అడ్డగీతకీ దీనికీ సంబంధమే ఉండదు.

అయితే విమానం ఎప్పుడూ ఆ దారం వెంటే పోవాలని లేదు. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి నుంచి పసిఫిక్ దారికి మార్చింది. పాత దారి సుమారు 13,900 కిలోమీటర్లు, కొత్తది 15,300. అంటే 1,400 కిలోమీటర్ల చుట్టు. అయినా ప్రయాణం రెండు గంటల దాకా తగ్గి, పద్నాలుగున్నర గంటల్లో అయిపోయింది.

లెక్క వేస్తే గంటకు 1,055 కిలోమీటర్ల సగటు వస్తుంది. ఆ బోయింగ్ 777 మామూలు వేగం 900 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. మిగతాది గాలి చలవే. గోదావరిలో లాంచీ వాలుకి పోవడానికీ, ఎదురెక్కడానికీ ఉన్న తేడాయే ఇక్కడా. భూమికి తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి పాయ సాగుతుంటుంది. ఉష్ణమండలపు వేడి గాలికీ ధ్రువాల చల్లగాలికీ మధ్య తేడా, దానికి తోడు భూభ్రమణం దీన్ని నడిపిస్తాయి. చలికాలంలో తేడా పెరిగి, గాలి జోరూ పెరుగుతుంది. అట్లాంటిక్ దారిలో పడమరకి పోయే విమానానికి ఇది ఎదురుగాలి. పసిఫిక్ మీదుగా తూర్పుకి పోతే వెనక నుంచి నెడుతుంది. తిరుగు ప్రయాణం మాత్రం అట్లాంటిక్ మీదుగానే, అదీ తూర్పుకే. అంటే రానూపోనూ కలిపి భూమిని ఒక చుట్టు చుట్టడమే!

భూమి కింద తిరుగుతుంది కాబట్టి పడమరకి వెళ్తే ఊరు తొందరగా వస్తుందని ఇప్పటికీ కొందరు వాదిస్తారు. భూమితో పాటు గాలీ తిరుగుతుంది కనుక ఆ వాదన నిలవదు.

ఈ గాలుల్ని 1920లలోనే జపాన్‌లో వసబురో ఓయిషి అనే వాతావరణ శాస్త్రవేత్త బెలూన్లు వదిలి కొలిచారు. ఫలితాల్ని ప్రపంచమంతా చదవాలని అన్ని దేశాలవాళ్లకీ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పెరాంతో భాషలో ప్రచురించారు. పాపం, పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఇప్పుడు ప్రతి ఫ్లైట్ ప్లానూ ఈ గాలులు చూసుకునే తయారవుతుంది. 2020 ఫిబ్రవరిలో సియారా తుఫాను గాలుల ఊపుతో ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కి ఐదు గంటల లోపే చేరింది. ఎదురు దిశలో ఏడు గంటలు పట్టడం మామూలే.

గాలి అనుకూలించినా దేశాలు అనుకూలించకపోవచ్చు. 2022లో యూరప్ విమానాలకి రష్యా గగనతలం మూతపడ్డాక ఫిన్లాండ్ విమాన సంస్థ ఫిన్‌ఎయిర్‌కి హెల్సింకి–టోక్యో ప్రయాణం తొమ్మిదిన్నర గంటల నుంచి పదమూడు దాకా పెరిగింది. కొన్ని విమానాల్ని ఉత్తర ధ్రువం మీదుగా తిప్పాల్సి వచ్చింది. ధ్రువం దాటినందుకు ప్రయాణికులకి సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. మూడున్నర గంటలు అదనంగా కూర్చోబెట్టినందుకు ఆ మాత్రం ఇవ్వాల్సిందే.