బడికి కుక్క: అపోహలు - వాస్తవాలు

బడిలో పిల్లల చేత కుక్కకు కథలు చదివిస్తున్నామని తెలిసినప్పటి నుంచి మా పశువుల క్లినిక్‌కి రెండు రకాల ఫోన్లు. ఒకటి, "డాక్టరమ్మా, మా పాపకేం కాదు కదా?" అని భయపడే తల్లులవి. వాళ్ళకు ఎంతసేపైనా ఓపిగ్గా చెబుతాను. రెండోది, "మా లాబ్రడార్ కుక్క చాలా సాధువు మేడం, పిల్లోళ్ళు చెవులు లాగినా కిమ్మనదు. మా వీధి బడికి తీసుకుపోమా?" నాకు గుబులు పుట్టించేది ఈ రెండోదే.

అపోహ: ఏం చేసినా ఊరుకునే కుక్కే థెరపీకి (పిల్లల బెరుకు పోగొట్టే పనికి) పనికొస్తుంది

ఊరుకోవడం వేరు, ఇష్టపడటం వేరు. చెవి లాగినా కిమ్మనని కుక్క ఓర్చుకుంటోంది. ఆ ఓర్పు ఎప్పుడు తెగుతుందో మీకు తెలీదు. నోటికి పని చెప్పేముందు కుక్క ఒళ్ళంతా మాట్లాడుతుంది. నిద్ర రాకున్నా ఆవలిస్తుంది. ఎదురుగా తిండి లేకున్నా మూతి నాక్కుంటుంది. మొహం పక్కకు తిప్పి, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది. "తోక ఊపుతోంది కదండీ" అంటారు. ఒళ్ళు బిగదీసి, తోక నిక్కబొడిచి ఊపుతుంటే దాన్ని స్నేహం అనుకోవద్దు. ఇవన్నీ ఎవరూ పట్టించుకోకపోతే అప్పుడు గుర్రుమంటుంది. మనవాళ్ళు వెంటనే వీపున ఒకటి వేస్తారు. "గుర్రుమనడం మాన్పించేశాం" అని గొప్పగా చెప్పేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. కోపం ఎక్కడికీ పోలేదు సామీ, హెచ్చరిక ఒక్కటే పోయింది. ఇక చెప్పకుండా కరుస్తుంది. అదీ మోకాళ్ళ ఎత్తున ఉండే పిల్లల మొహం మీద.

బడికి పనికొస్తుందో లేదో చూసే పరీక్షకు ఒకాయన తన గోల్డెన్ రిట్రీవర్ కుక్కను తెచ్చాడు. తలుపు వెనక నుంచి స్టీలు పళ్ళెం కింద పడేస్తాం. మధ్యాహ్న భోజనం వేళ బడిలో ఉండే చప్పుడు అదే కదా. ఆ కుక్క బొమ్మలా కూర్చుంది. ఆయన మొహం వెలిగిపోయింది. నేను చూసింది వేరు. అంత ఉక్కలో వగర్చడం ఆపి నోరు గట్టిగా మూసేసింది. ముందరి కాలు ఒకటి గాల్లో ఉంది. అది బుద్ధి కాదు, భయంతో బిగుసుకుపోవడం. కుదరదన్నాను. "ఇంత బుద్ధిగా కూర్చుంటే ఫెయిలా?" అని ఆయన నాతో గొడవకు దిగాడు.

నేను బడికి తీసుకుపోయే గవ్వ చంద్రగిరి దగ్గర దొరికిన ఊరకుక్క. పళ్ళెం పడితే అదీ ఉలిక్కిపడింది. ఒళ్ళు దులుపుకుని, పోయి పళ్ళెం వాసన చూసి, వచ్చి పక్కకు వాలి పడుకుంది. నాకు కావలసింది అదే, బెదిరినా వెంటనే తేరుకోవడం. విసుగొస్తే లేచిపోయి బీరువా పక్కన దాని చాప మీద పడుకుంటుంది. అక్కడికి పిల్లలెవరూ పోకూడదు, హెడ్‌మాస్టరు మనవరాలైనా సరే. కౌగిలించుకోవడాలు, మీద పడటాలు ఉండవు. పట్టీ ఎప్పుడూ నా చేతిలోనే. ఒకసారి ఒక్క బిడ్డే, ఇరవై నిమిషాలకు మించదు.

అపోహ: కుక్క చదువు నేర్పుతుంది

నేర్పదు. 1999లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఇంటర్‌మౌంటెన్ థెరపీ యానిమల్స్ వాళ్ళు 'రీడ్' పేరుతో మొదలుపెట్టింది కూడా పిల్లలు భయం లేకుండా పైకి చదవడానికే. అక్షరాలు దిద్దించేది అయ్యవారే. నగరి వైపు నుంచి వచ్చి ఇక్కడి బడిలో చేరిన ఒక పిల్లాడు ఇంట్లో అరవం మాట్లాడతాడు. 'కష్టం' దగ్గర ఒత్తు చూసి ఆగిపోతే వెనక బెంచీ కిసుక్కుమంటుంది. గవ్వ ముందు కూర్చున్నప్పుడు ఆ మాట మీద వేలు పెట్టి మెల్లగా కూడబలుక్కుని, పేజీ అయ్యాక పుస్తకం దాని వైపు తిప్పి బొమ్మ చూపించాడు. మార్కులు పెరిగాయా అని నన్నడగొద్దు. నోరు తెరుస్తున్నాడు, మిగతాది వాళ్ళ టీచరు చూసుకుంటుంది.

మిగతావి, గబగబా

"వెంట్రుక కడుపులోకి పోతే రేబిస్ వస్తుంది." రాదు. రేబిస్ జబ్బున్న జంతువు చొంగలో ఉంటుంది, కాటుతోనో, చొంగ గాయానికి తగిలో వస్తుంది. అయినా ఏటేటా టీకా, వేళకు నులిపురుగుల మందు, అరగదీసిన గోళ్ళు లేకుండా ఏ కుక్కా గడప దాటకూడదు.

"బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు." అది పాత మందు. ఇప్పుడు చేతికే వేస్తారు, నాలుగైదు సార్లు. ఈ పుకారుకు జడిసి పిల్లలు వీధికుక్క గీరినా ఇంట్లో చెప్పరు. దయచేసి వాళ్ళను తిట్టకండి. సబ్బు పెట్టి కుళాయి కింద పదిహేను నిమిషాలు కడిగి, తిరుపతి రుయా ఆసుపత్రికో దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికో ఆరోజే తీసుకుపోండి. కరిచింది టీకా కార్డున్న కుక్కయినా డాక్టరుకు చూపించాల్సిందే.

"సుప్రీంకోర్టు బడుల్లో కుక్కలే వద్దంది." 2025 నవంబరులో చెప్పింది వీధికుక్కల గురించి. అయినా హెడ్‌మాస్టరు అనుమతి, తల్లిదండ్రుల సంతకం లేకుండా నేను గేటు దాటను.

"పూడుల్‌కు అలర్జీ రాదు." అలర్జీ చొంగతోనూ చర్మం పొట్టుతోనూ వస్తుంది, ఏ జాతికీ మినహాయింపు లేదు. ఉబ్బసం ఉన్న పిల్లలుంటే ముందే చెప్పండి.

కుక్కను తాకితే మైల అనుకునే ఇళ్ళున్నాయి, ఒకసారి కరిపించుకుని వణికే పిల్లలూ ఉన్నారు. వాళ్ళతో వాదించను. గది అవతలి మూల కూర్చుని చదివినా చాలు, అసలు రాకపోయినా ఏమీ కాదు.

ఇంకొకటి. మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవగానే మేము ఆపేస్తాం. తిరుపతి ఎండకు సిమెంటు నేల మీద కుక్క పాదాలు కాలిపోతాయి. పొద్దున ఎనిమిదికే వద్దామని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. సరే, పొద్దున చల్లగానే ఉంటుంది, తిరిగి ఇంటికి నడిపించేటప్పుడో?